మద్దెల నిజంగా ఓడైతే

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ సామెతలో మద్దెల బాగానే ఉందని ముందే తీర్మానం అయిపోయింది. దాన్ని వాయించి చూసినవాళ్లు లేరు. నిజంగానే మద్దెల ఓడైతే తప్పు ఎవరిది? పనిముట్టు వాటా ఎంత, చేతి వాటా ఎంత అని విడదీసి చూడడానికి పిస్టల్ షూటింగ్‌ని మించిన చోటు నాకు కనపడలేదు.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీనే తీసుకుందాం. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఒంటిచేత్తో కాల్చాలి. పోటీల్లో వాడే మంచి పిస్టల్‌ని బిగింపులో పెట్టి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. అదే పిస్టల్ చేతికొచ్చాక చెదురుతున్నాయంటే, ఆ చెదురు మనదే. లెక్క కూడా కఠినమే. చేయి మొత్తంగా 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది, పది పోదు. కానీ వెనక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి ఒరిగితే, లక్ష్యం దగ్గర అది దాదాపు 3 సెంటీమీటర్లవుతుంది. పది పోయి ఏడు మిగులుతుంది. మణికట్టు చేసే చిన్న తప్పుకి అంత శిక్ష.

మరి ఏ పిస్టలైనా ఒకటేనా? కాదు. ట్రిగ్గర్ బిగుసుకుపోయి ఉంటే దాన్ని లాగే బలానికే సైటు కదులుతుంది. పిడి అరచేతికి సరిపోకపోతే పట్టు ప్రతిసారీ మారుతుంది. అలాంటి దానితో నేర్చుకునే పిల్లకి గురి తప్పినప్పుడు కారణం తనో, పిస్టలో తెలియదు. తెలియనిది దిద్దుకోలేదు కదా! మంచి పనిముట్టు చేసే అసలు మేలు ఇదే అనుకుంటాను: మన తప్పుని మనకి విడిగా చూపిస్తుంది. సాకులు కూడా లాగేసుకుంటుంది.

ఇంత తేటైన లెక్క కూడా ఒక్కోసారి పనికిరాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. దాదాపు 20 నిమిషాలు పోయాయి. మిగిలిన గుండ్లు తొందర తొందరగా కాల్చి, 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. ఆమెని మద్దెల సామెతతో కొట్టగలమా? అక్కడ మద్దెల నిజంగానే ఓడు. అయినా స్కోరు పట్టికలో పిస్టల్ పేరు ఉండదు, ఆమె పేరే ఉంటుంది.

సిసెరో రాసిన ఒక సంవాదంలో స్టోయిక్కుల వాదన ఉంది: గురి చూడడానికి చెయ్యగలిగిందంతా చెయ్యడమే విలుకాడి పని, తగలడం అతని చేతిలో లేదు. నాకు ఈ మాట సగమే నచ్చుతుంది. విల్లుని చూసుకోవడం కూడా ఆ 'చెయ్యగలిగిందంతా'లోకే వస్తుంది. అందుకే తప్పు వేరు, జవాబుదారీ వేరు అంటాను. పిస్టల్ చెడిపోవడం ఆమె తప్పు కాదు. మిగిలిన ప్రతి గుండుకీ జవాబుదారీ మాత్రం ఆమెదే. 2024లో పారిస్‌లో అదే విభాగంలో ఆమెకి కంచు పతకం వచ్చింది. అంతమాత్రాన టోక్యోలో జరిగింది న్యాయమైపోదు.

ఆ పారిస్‌లోనే టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో జట్టు పోటీలో వెండి గెలిచాడు. 'చూశారా, సాధనాలెందుకు, సాధన చాలు' అని లోకమంతా మురిసింది. అతను వద్దనుకున్నవి ప్రత్యేక లెన్సులూ కంటి అడ్డాలూ మాత్రమే. చేతిలో ఉన్నది పోటీల కోసమే చేసిన పిస్టల్.

'కష్టపడితే చాలు' అనే మాట తరచుగా మంచి మద్దెల ఉన్నవాళ్ల నోటే వింటాను. అది అబద్ధం కాదు. కానీ దాన్ని ఎదుటివాడి మీద ప్రయోగించే ముందు, వాడి చేతిలో ఏముందో ఒకసారి వాయించి చూడాలి. మన విషయంలో మాత్రం వరస తిరగెయ్యాలి. ముందు మణికట్టు, తర్వాతే మద్దెల.