ప్రహ్లాదుని పాఠశాలలో ఒక ప్రశ్న

ప్రహ్లాదచరిత్రము వినబడని వైష్ణవగృహము తెలుగునాట అరుదు. శ్రీమద్భాగవతము సప్తమస్కంధములోని ఈ కథను పోతనామాత్యుడు తెనిగించిన పిదప, అందలి పద్యములను పిల్లలచేత వల్లె వేయించుట పెద్దలకు పరిపాటి యైనది. కాని కథ చెప్పువారు తరచుగా స్తంభము చెంతకు, నృసింహావిర్భావమునకు త్వరపడుదురు. పిల్లలు కోరునదియు అదియే. ఆ త్వరలో మరుగుపడునది పాఠశాల. ఐదేండ్ల బాలుడు అచ్చట ఎట్లు చదివెను, ఎట్లు ఆలోచించెను అను సంగతిని వ్యాసభగవానుడు కొలది మాటలలోనే చెప్పెను. అయినను బిడ్డలను బడికి పంపు తల్లిదండ్రులు ఒకింత నిలిచి చూడదగిన ఘట్టమది.

శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులు గురువులు. ధర్మార్థకామములు, దండనీతి పాఠ్యములు. ప్రహ్లాదుడు గురువు చెప్పినది వినెను. విన్నదానిని తిరిగి చదివెను. పిమ్మట మనస్సులో తూచి, తనవాడు పరుడు అను భేదబుద్ధిపై నిలిచిన ఆ విద్య మేలైనది కాదని తలంచెను. వినుట, చదువుట, తూచుట - ఈ వరుస గమనింపదగినది. వినకయే కాదనలేదు. పాఠము అప్పగింపక మొండికెత్తలేదు. నోట పలికినంతమాత్రమున మనస్సు ఒప్పుకొన్నదని భ్రమపడను లేదు. కొందరు పిల్లలు మొదటి రెండింటితో ఆగిపోవుదురు; పరీక్షలో మార్కులు వచ్చును గాని, విషయము తమకు తెలిసినదో లేదో వారికే తెలియదు. మరికొందరు మొదటి రెండును లేకయే మూడవదానికి దిగుదురు. సరుకు లేని త్రాసు ఏమి తూచగలదు?

కథలో ఒకే ప్రశ్న మూడు తావులనుండి వచ్చుట మరియొక విశేషము. తండ్రి కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, నీకు మేలని తోచునది చెప్పుమనగా, బాలుడు శ్రీహరిని ఆశ్రయించుటయే మేలని చెప్పెను. హిరణ్యకశిపుడు నవ్వి, పరులెవరో పసివాని బుద్ధి చెరచిరని నిశ్చయించి, మారువేషమున విష్ణుభక్తులు చేరకుండ వానిని కాపాడుడని ఆజ్ఞాపించెను. పిల్లవాడు వింతమాట యాడిన వెంటనే సహవాసదోషమని తేల్చుట నాటినుండియు ఉన్నదే! గురువులు బాలుని ఇంటికి కొనిపోయి, ఈ బుద్ధి పరులవలన కలిగినదా, నీయంతట కలిగినదా యని మెల్లగా అడిగిరి. సమాధానము నచ్చకపోగా బెత్తము తెమ్మనిరి. కొంతకాలమునకు ప్రహ్లాదుడు నవవిధభక్తిని చెప్పగా, తండ్రి మొదట గురువుపై మండిపడి, పిదప గురుముఖమున రాని ఈ దుర్బుద్ధి నీకెచ్చటినుండి వచ్చెనని కుమారుని గద్దించెను.

మూడవసారి అడిగినవారు తోడి బాలురు. గురువులు గృహకృత్యములపై వెడలినప్పుడు వారు ప్రహ్లాదుని ఆటకు పిలిచిరి. అతడు వారికి భాగవతధర్మమును బోధించెను. విన్నవారు తల లూపి ఊరకుండలేదు. నీకును మాకును ఈ గురుపుత్రులు తప్ప వేరు గురువు లేడు గదా యనిరి. అంతఃపురములోని పసివానికి మహాత్ముల సాంగత్యము దుర్లభము గదా యనిరి. నమ్ముటకు తగిన కారణమున్నచో చెప్పి సందేహము తీర్పుమని వేడిరి.

ఎంత చక్కని ప్రశ్న! తమకు తెలిసినదానిని ముందుంచిరి. చెప్పినదానికిని తెలిసినదానికిని పొత్తు కుదరని చోటును చూపిరి. ఆ మీదట కారణమును కోరిరి. తర్కశాస్త్రపు గడప త్రొక్కని బాలురు ప్రమాణమును అడిగిరి. గురువులు అడిగినదియు, తండ్రి అడిగినదియు ఇదే ప్రశ్న. అయితే వారికి దోషి కావలెను; వీరికి విషయము కావలెను. అందువలననే ప్రహ్లాదుడు వీరికి సర్వమును విప్పి చెప్పెను. ఇంద్రుడు తల్లియగు కయాధువును పట్టుకొనిపోవుట, నారదమహర్షి విడిపించి ఆశ్రమమున ఉంచుకొనుట, గర్భస్థుడైన తాను మహర్షి ఉపదేశమును వినుట చెప్పెను. చిరకాలము గడచుటచే తల్లి దానిని మరచినదనియు, మహర్షి అనుగ్రహమున తనను ఆ స్మృతి విడువలేదనియు దాపరికము లేక చెప్పెను. తరువాత ఈ కథ చెప్పుచున్న నారదమహర్షి ఒక మాట చెప్పెను: ఆ బోధ నిర్దోషమగుటచేత బాలురు దానిని గ్రహించిరట. రాజకుమారుడు చెప్పెను గనుక అని ఆయన చెప్పలేదు.

ఇండ్లలో జరుగుచున్నదేమి? “నీకెట్లు తెలిసినది?” అని పిల్లవాడు అడుగగానే “పెద్దలకు ఎదురు చెప్పకు” అని నోరు మూయింతురు. ధిక్కారమును అణచవలసినదే, కాని ప్రశ్న ధిక్కారము కాదు. గీతాచార్యుడు జ్ఞానము పొందు తెరువు చెప్పుచు, ప్రణిపాతమునకును సేవకును నడుమ పరిప్రశ్నను నిలిపెను. రెండు వైపుల వినయము, నడుమ ప్రశ్న. సర్వమును ఉపదేశించిన పిమ్మట 18వ అధ్యాయములో, దీనినంతయు విమర్శించి నీ ఇచ్చవచ్చినట్లు చేయుమని అర్జునునితో పలికినవాడు సాక్షాత్తు భగవానుడే. గృహస్థునకు అంతకుమించిన పట్టుదల ఎందులకు?

ఇంట నోరు మూయబడిన బిడ్డ అడుగుట మానడు. మరియొక చోట అడుగును. నేడు చేతిలోని ఫోను ఏ ప్రశ్నకైనను విసుగుకొనదు. కాని అచ్చట చెప్పినవాడెవడు, వానికెట్లు తెలిసినది అను విచారము లేనివాడు, వచ్చిన మాటనెల్ల నమ్మును. నమ్మి పదిమందికి పంపును. ఆ విచారమును బెత్తముతో చంపినది ఇంటివారేయైనచో, తరువాత ఫోనును తిట్టి ఫలమేమి?

అలవాటు చేయుటకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. ఏడెనిమిదులు యాబదియారు అని అప్పగించిన పిల్లవానికి చింతగింజలిచ్చి, వరుసకు 8 చొప్పున 7 వరుసలు పేర్చి లెక్కింపుమనవచ్చును. ధనుర్మాసపు తెల్లవారుజామున కోవెలకు పోవుచు, దూరమున తెల్లగా లేచునది పొగయా, మంచా యని అడుగవచ్చును. పొగయైనచో నిప్పు ఉన్నట్లు. మంచైనచో ఆ ఊహ తప్పు. అనుమానప్రమాణములోని మెలకువ అంతయు అందులో కలదు. అన్నదమ్ములు తగవులాడినప్పుడు, ఒక్కొక్కడు మొదట ఎదుటివాని మాటను, ఆ ఎదుటివాడు ఔననునట్లు చెప్పి, పిదప తన మాట చెప్పవలెనని నియమించుట మంచిది. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున ఖండింపదలచిన మతమును మహాపూర్వపక్షముగా విస్తరించి చెప్పినగాని తమ సిద్ధాంతమునకు రాలేదు. ఇక పెద్దలకు తెలియనిది పిల్లలు అడిగినచో, తెలియదు, కనుగొని చెప్పెదనని పలికి, మరునాడు మరువక చెప్పవలెను. ఈ చివరిది అన్నిటికంటె కష్టము. మరువక చెప్పువారు తక్కువ.

ఇంట రాత్రివేళ భాగవతము చదువువారు, తోడి బాలురు ప్రహ్లాదుని అడిగిన తావున పుస్తకమును ఒకింత మూసి, అతడేమి చెప్పియుండునో ఊహింపుమని పిల్లలనే అడిగి చూడవచ్చును. వారు తోచినది చెప్పుదురు, ఎందువలన అట్లు తోచినదో కూడ అడిగినచో ఆలోచించి చెప్పుదురు. నారదుని ప్రసంగము మరునాటికి ఉంచినను కథకు లోటు లేదు. స్తంభము ఎక్కడికిని పోదు.