నమ్ముకున్నదాని పట్ల బాధ్యత

టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగ్ ఆచార్యులుగా ఉన్న హిదెసబురో ఉయెనో 1925 మే 21న మెదడులో రక్తస్రావమై చనిపోయారు. ఆయన పెంచుకున్న అకితా జాతి కుక్క హచికోకు అప్పటికి ఏడాదిన్నర వయసు. షిబుయా స్టేషనుకు ఆయనకు ఎదురు వెళ్లడం దానికి అలవాటు. 1935 మార్చి 8న తాను చనిపోయే దాకా అది ఆ స్టేషను దగ్గరికి వస్తూనే ఉంది. వినగానే గొంతు పూడుకుపోయే కథ ఇది. అయితే మనసు కదిలినంత మాత్రాన విషయం అర్థమైనట్టు కాదు. హచికోలో మనం దేన్ని గౌరవిస్తున్నాం?

అది తిండి కోసమే వచ్చేదని అనేవాళ్లు ఉన్నారు. చనిపోయాక దాని కడుపులో మాంసం గుచ్చి కాల్చే పుల్లలు దొరికిన మాట నిజం. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయకుండా పరీక్షిద్దాం. హచికో గురించి పత్రికలో వచ్చి జనం దాన్ని ముద్దు చేయడం మొదలైంది 1932లో. అంతకుముందు ఆ స్టేషను దగ్గర దానికి అదిలింపులు, దెబ్బలు కూడా తప్పలేదు. తిండి ఒక్కటే కావలసివస్తే అంతకన్నా సుఖమైన చోటు దొరికేది. పోనీ, తిండి ఆశ కూడా ఉందనుకుందాం. అమ్మ పెట్టే ముద్ద కోసం కూడా పిల్లవాడు ఇంటికి పరిగెడతాడు. అంతమాత్రాన అమ్మ మీద ప్రేమ అబద్ధమవుతుందా?

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. యజమాని ఇక రాడని హచికోకు తెలుసా? తెలియకపోతే ఆ ఎదురుచూపును సద్గుణం అనవచ్చా? మానేసే వీలుండి కూడా మానకుండా చేసే మంచినే మనుషుల్లో సద్గుణం అంటాం. కుక్కకు అలాంటి ఎంపిక ఉందో లేదో మనం చెప్పలేం. దాని అనుబంధం నిజమైనదని మాత్రం ఒప్పుకోవచ్చు, దాన్ని నీతి అనడానికి తొందరపడకూడదు.

ఆ తొందర ఎక్కడికి దారితీస్తుందో జపాన్ చరిత్రలోనే కనిపిస్తుంది. 1934లో స్టేషను ముందు హచికో కంచు విగ్రహం పెట్టారు, ఆవిష్కరణకు హచికో కూడా వచ్చింది. చేసిన మేలు మరవకూడదంటూ బడిపిల్లల నీతిపాఠంలో దాని కథ చేర్చారు. ప్రశ్నించని విధేయతను ప్రజల నుంచి కోరిన కాలం అది. ఆ తర్వాత యుద్ధానికి లోహం కావలసివచ్చి ఆ విగ్రహాన్నే కరిగించారు. ఇప్పుడున్నది 1948లో మొదటి శిల్పి కొడుకు చేసినది. ఎవరి పట్ల, దేని కోసం విధేయంగా ఉండాలని కుక్క అడగలేదు. మనం అడగగలం, అడగాలి కూడా. అందుకే కుక్క విశ్వాసం పౌరుడికి ఆదర్శం కాలేదు.

అలాగని ఆ విశ్వాసానికి విలువ లేదనలేం. మనం చూడవలసింది బహుశా రెండో వైపు, ఆ విశ్వాసాన్ని అందుకున్న మనిషి వైపు. మహాభారతంలోని మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. దాన్ని వదిలి రథమెక్కమన్నాడు ఇంద్రుడు. తమ్ముళ్లనూ ద్రౌపదినీ దారిలో విడిచినవాడివి, కుక్కను విడవలేవా అని కూడా అడిగాడు. వాళ్లు చనిపోయాకే విడిచాననీ, ప్రాణంతో ఉండి తనను నమ్ముకున్నదాన్ని విడవననీ ధర్మరాజు సమాధానం. ఆ కుక్క యమధర్మరాజే అన్న సంగతి తర్వాత బయటపడుతుంది. దీన్ని దైవపరీక్షగా నమ్మేవారు నమ్మవచ్చు, కావ్యంగా చదివేవారు చదవవచ్చు. ఎలా చూసినా, కాదన్న ఆ క్షణంలో ధర్మరాజుకు తెలిసినంతవరకు అది కుక్కే. అది చివరిదాకా మామూలు కుక్కగానే మిగిలిపోయి ఉంటే ఆ నిర్ణయం విలువ తగ్గేదా? తగ్గదనే నా నమ్మకం. కుక్కకు ఉందో లేదో తెలియని ఎంపిక ధర్మరాజుకు ఉంది, మనకూ ఉంది.

ఇల్లు మారేటప్పుడో, జబ్బు చేసినప్పుడో పెంపుడు కుక్కను వీధిలో వదిలేసేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ పని మానిపించడానికి అది చాలదు, అంతరాత్మే పూనుకోవాలి. కుక్కపిల్లను తెచ్చుకోదలచినవారు ముందే ఆలోచించండి: అది ముసలిదై, చూపు పోయి, మూలన పడ్డనాడు దాన్ని చూసుకోగలరా? లేదనిపిస్తే తెచ్చుకోకండి.