ఆకు మీద కాపురాలు

చిక్కబళ్లాపురం పక్క పల్లెలో మా తమ్ముడికి ఒకటిన్నర ఎకరం దిల్‌ఖుష్ ద్రాక్షతోట ఉంది. 2021లో కత్తిరింపయి చిగురు జానెడు సాగిన వేళ, "ఎండ బాగానే కాస్తోంది గదరా, ఈ వారం మందు మానెయ్" అని వాడికి చెప్పినవాణ్ణి నేను. ఆ నవంబరులో మా జిల్లాను ముంచెత్తిన వానలు మా వైపు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ముసురు విడిచేసరికి ఆకుల పైన నూనెచుక్క పడ్డట్టు పసుపు మచ్చలు, అడుగున తెల్లని బూజు. పూతగుత్తులు మాడిపోయాయి. తమ్ముడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మరదలు మాత్రం అన్నం వడ్డిస్తూ, "బావగారూ, మీ పింఛను నెలనెలా వస్తుంది" అంది. అంతే అంది.

అటువంటి సలహా నాకెందుకు తోచిందో చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు, వ్యవసాయ కళాశాలలో చదువుతున్న మా అన్న కూతురు తోటకు వచ్చి రెండాకులు కోసుకుపోయింది. ఒకటి మందు కొట్టిన వరుసలోది, ఒకటి కంచె వారన మందు తగలని తీగది. గాజుపళ్లెంలో అగార్ పోసి, మూతకు లోపలివైపున ఆకు అంటించి, రెండు పళ్లాలూ పక్కపక్కన పెట్టిందట. కొన్నాళ్లకు ఫోటోలు తెచ్చి చూపింది. కంచె ఆకు కింది పళ్లెంలో ఆకు ఆకారం అచ్చంగా గులాబిరంగు చుక్కల ముగ్గులాగా తేలింది. ఆకు మీద కాపురముండే స్పోరోబొలోమైసిస్ అనే ఈస్టు తన బీజాలను ఎగజిమ్ముతుంది. అవి కింద పడి మొలిచి, పైనున్న ఆకు బొమ్మ గీస్తాయి. మందు కొట్టిన ఆకు కింద అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి, ఆకంటే పత్రహరితమూ పత్రరంధ్రాలూ అనుకుంటూ వచ్చినవాణ్ణి. అదొక ఊరని అప్పుడు తెలిసింది.

శాస్త్రజ్ఞులకు ఇది కొత్త కాదు. ధాన్యపు పైర్ల ఆకుల మీద ఈ గులాబి ఈస్టును గురించి ఎఫ్.టి. లాస్ట్ 1955లోనే రాశాడు. ద్రాక్షాకు మీద ఆరియోబేసిడియం, క్లాడోస్పోరియం వంటివి ఉంటాయి. వీటిలో చాలావరకు ఆకును తినేవి కావు. ఆకు నుంచి ఊరే కాస్త చక్కెర, పేనుబంక విడిచిన జిగురు, గాలికి వచ్చిపడ్డ పుప్పొడి, వీటితో పొట్టపోసుకుంటాయి. మందు పడితే అన్నీ చావవు కూడా. స్వీడన్ గోధుమ పొలాల గురించి 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, మందు వల్ల శిలీంధ్రాల రకాలు తగ్గలేదనీ, వాటి మధ్య పాళ్లు మారాయనీ తేలింది. కొన్ని బలిశాయి, కొన్ని చిక్కిపోయాయి. రాగిని ఓర్చుకునే ఆరియోబేసిడియం రాగిమందు తర్వాతా నిలదొక్కుకుంటుంది. చావులెక్క కంటే ఈ చెదిరిపోవడమే నన్నెక్కువ పట్టుకుంది.

ఇందులో ఒక వింత ఉంది. మా తోటను మాడ్చిన బూజు తెగులు జీవి, ప్లాస్మోపారా, అసలు శిలీంధ్రమే కాదు. ఇప్పటి వర్గీకరణలో అది ఊమైసీట్. పుట్టగొడుగు కంటే సముద్రంలోని గోధుమరంగు నాచుకు దగ్గరి చుట్టం. శిలీంధ్రనాశని అని పేరుపెట్టి శిలీంధ్రం కానిదాని మీద గురిపెడుతున్నాం. గురిలో లేని అసలు శిలీంధ్రాలకు దెబ్బ తగులుతోంది. ఈ మందుల్లో పెద్దదైన బోర్డో మిశ్రమం పుట్టుక కూడా చిత్రమే. ఫ్రాన్సులోని మెడోక్ రైతులు దారి వారనున్న తీగల పండ్లు దొంగలు ముట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. బూజు వచ్చినా ఆ తీగల ఆకు రాలకపోవడం 1882లో మిలార్డె గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. నూరు లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మా నాన్న చేతులు ఎప్పుడూ నీలంగానే ఉండేవి.

దీన్ని మనం మందు అంటాం. జ్వరానికీ మందే, పైరుకూ మందే. రోగికి ఇస్తాం, పొలంలో మాత్రం కొడతాం. మా ఇరుగుపొరుగు కన్నడ రైతులూ ఔషధి కొట్టడమనే అంటారు. పేరు మందయ్యేసరికి ఆ దెబ్బ ఎవరికి తగిలిందన్న ప్రశ్నే పుట్టదు.

కర్ణాటకలో ఉంటూ జైనులను తలచుకోకుండా హింస మాట ఎత్తలేం. గృహస్థు చేసే హింసను వాళ్లు నాలుగు తీర్లుగా విడదీశారు. చంపాలని సంకల్పించి చేసేది, ఇంటిపనుల్లో జరిగేది, వృత్తిలో జరిగేది, మీదికొచ్చినదాన్ని ఎదిరించడంలో జరిగేది. మొదటిది పూర్తిగా విడవాలి, మిగతావి తప్పవు గనక జాగ్రత్తతో నడుచుకోవాలి. బూజు మీద మందు నాలుగోది. గులాబి చుక్కలు పోవడం మూడోది. మరి వాన లేదు, మబ్బు లేదు, తెగులు ఆనవాలు లేదు, గురువారం వచ్చింది గనక కొట్టే మందు ఏ గంపలో పడుతుంది? అది మొదటిదేనని 2021 దాకా నాకు ధీమా. ఇప్పుడు లేదు. రాగి ఆకు మీద కాపలా కాస్తుందే గాని, లోపలికి దిగిన తెగులును పట్టలేదు. కళ్లకు కనిపించాక కొడితే వృథా. ముందుగా కొట్టేవాడిలో ఉన్నది భయం. భయాన్ని సంకల్పమనవచ్చునా? 1845లో ఐర్లండ్ బంగాళాదుంపను మాడ్చినదీ ఒక ఊమైసీటే. ఆ కరువులో సుమారు పది లక్షల మంది పోయారు. అప్పటికి మందు లేదు. దీన్ని పక్కనపెట్టి నీతి చెప్పేవాణ్ణి నేను నమ్మను, ఆ చెప్పేవాణ్ణి నేనే అయినా సరే.

ఆకు మీది శిలీంధ్రాలు మనకు మేలు చేస్తాయి గనక కాపాడాలని కొందరంటారు. ఆరియోబేసిడియం పండు కుళ్లును అడ్డుకుంటుంది, దాన్నే మందుగా అమ్ముతున్నారు కూడా. అయినా ఈ వాదం నాకు మింగుడుపడదు. పనికొచ్చినవాడికే ఊళ్లో చోటనే న్యాయం ఎందాకా పోతుందో, మరో భాషవాళ్ల నడుమ తరతరాలుగా బతుకుతున్న మనకు వేరే చెప్పాలా?

అలాగని ప్రకృతి చంపదనీ అనలేను. పైన్ కాయ మీద మొలిచే స్ట్రోబిలూరస్ అనే చిన్న పుట్టగొడుగు, పోటీకొచ్చే శిలీంధ్రాలను అడ్డుకోవడానికి ఒక విషం చేసుకుంటుంది. జర్మనీలో 1977లో దాన్ని వేరుచేశారు. ఆ నమూనాలో తయారైన మందులు 1996 నుంచి బజారులోకి వచ్చాయి. మా తమ్ముడి షెడ్డులోనూ ఒక డబ్బా ఉంది. పుట్టగొడుగు తన కాయ మేరకు చంపుతుంది, మనం ఎకరాల మేరకు. తేడా అంతేనేమో. కాని ఆ మేర చిన్న సంగతి కాదు.

మొన్న కత్తిరింపు అయ్యాక తమ్ముడే అడిగాడు, "ఏంన్నా, ఈ వారం కొట్టేదా, వద్దా?" అని. ఆకాశం వంక చూశాను. తూర్పున మబ్బుంది. కొట్టమన్నాను. కంచె మీది ఆ ఒక్క తీగను మాత్రం వాడే వదిలేస్తున్నాడు, నేను అడగలేదు. దాని మీంచి బూజు లోపలికి దిగుతుందేమోనని మరదలు పొద్దున్నే వెళ్లి ఆకులు తిప్పి చూస్తుంది. ఆవిడ వచ్చేశాక నేనూ వెళ్లి చూస్తాను.