ధైర్యం ఎవరి ఖాతాలో?

2020 మే 4న ఆంధ్రలో బ్రాందీ షాపులు తెరిచినప్పుడు, ఆ క్యూలు చూసి ముక్కున వేలేసుకున్నాను. జూన్ 8న గుళ్ళు తెరవగానే మాత్రం పట్టుచీర కట్టి బయల్దేరాను. "దేవుడి దగ్గర రోగమేమిటమ్మా!" అంది పక్కింటి పిన్నిగారు, మాస్కు గడ్డం కిందికి లాగి. నేనూ లాగేశాను.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో మా పనిమనిషి. "పనిలోకి రానా అమ్మా?" అంది.

"ఇప్పుడే వద్దులే. ఏ జబ్బు మోసుకొస్తావో!"

"మరి మీరు గుడికెళ్ళొచ్చారు గదమ్మా?"

నాకు నోట మాట రాలేదు. లక్షణాలు బయటపడకముందే ఒకరి నుంచి మరొకరికి అంటుకునే జబ్బది. మాస్కు నా ముక్కుకి కాపలా మాత్రమే కాదు, ఎదుటివాళ్ళకీ రక్షే. "నాకేం కాదు" అనడం ధైర్యమే కావచ్చు. కానీ దాని ఖర్చు ఇంట్లో ముసలి అత్తగారో, ఈ పనిమనిషో భరించాలంటే అది ధైర్యమెలా అవుతుంది? పరాయి సొమ్ముతో దానం చెయ్యడమే కదూ!

అలాగని తలుపులు మూసుకు కూర్చోమనడమూ న్యాయం కాదు. నెలనెలా జీతం వచ్చే ఇళ్ళకే అది చెల్లు. తలుపు తియ్యాలా వద్దా అన్నది కాదు, ఎవరిని తలుచుకుని తీస్తున్నామన్నదే ప్రశ్న.

ఆగిపోయిన నెలల జీతం చేతిలో పెట్టి, మర్నాటి నుంచి రమ్మన్నాను. ఆమె తలుపు తట్టినప్పుడు ముందు మాస్కు పెట్టుకున్నది నేనే.