శక్తి దోషమా, చేతి దోషమా?

అమెరికా రచయిత్రి క్రిస్టిన్ కాషోర్ నవల 'గ్రేస్‌లింగ్' 2008లో వెలువడింది. అందులోని కథానాయిక కత్సాకు పుట్టుకతోనే ఒక భయంకరమైన శక్తి ఉంది. ఎనిమిదేళ్ళ వయసులోనే ఒక బంధువు ఆమె ఒక్క దెబ్బకు చనిపోయాడు. నాటి నుంచి రాజు రాండా ఆమెను తన ఆయుధంగా చేసుకున్నాడు. తనకు గిట్టనివారిని హింసించి రమ్మని పంపేవాడు. ఆమె వెళ్ళేది, తానొక రాక్షసినని లోలోపల కుమిలిపోయేది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. తప్పు శక్తిదా, ఆజ్ఞదా, చేతిదా? 'రాజు చెప్పాడు, నేను చేశాను' అన్నంత మాత్రాన చెయ్యి శుభ్రపడుతుందా? పడదు. ఆజ్ఞ ఇచ్చినవాని పాపం వానిది, అమలు చేసినవారి పాపం వారిది. ఒకరి భారం మరొకరిని తేలిక చేయదు.

తన కూతురి పెళ్ళి విషయంలో రాజు మాట కాదన్న ఒక ప్రభువును శిక్షించమన్నప్పుడు కత్సా చెయ్యెత్తలేదు. తిరిగివచ్చి రాజు ఎదుటే నిలిచి నిరాకరించింది. అతన్ని చంపగల బలం ఉండి కూడా చంపకుండా వెళ్ళిపోయింది. తన శక్తి చంపడానికి కాదని, ప్రాణం నిలుపుకోవడానికని ఆ తర్వాతే ఆమెకు తెలిసింది.

గమనించండి! ముందు నిరాకరణ, తర్వాతే తెలివిడి. మన నోరు, కోపం, ధనం, అధికారం కూడా ఇలాంటి శక్తులే. అవన్నీ మన వద్ద ఉన్న అమానతులు. అవి ఎవరి చేతిలో ఆయుధాలవుతున్నాయో నేడే చూసుకుందాం.