ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు

ఒకరి ఇంటికి వెళ్ళి, ఈ ఇల్లు కుక్కపిల్లకు తగుతుందా తగదా అని తేల్చడానికి మనమెవరం? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదివితే రాలేదు. పోయిన వేసవి సెలవుల్లో వచ్చింది.

మా పిన్ని చెన్నైలో వీధికుక్కల్ని కాపాడేవాళ్ళతో కలిసి పనిచేస్తుంది. దెబ్బలు తగిలినవాటికి, తల్లి పోయిన పిల్లలకు వైద్యం చేయించి, పెంచుకుంటామన్నవాళ్ళకు ఇస్తారు. ఇచ్చే ముందు ఇల్లు చూస్తారు. గేటు సందులోంచి పిల్ల దూరిపోతుందా, ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరికి వెళ్తే అన్నం ఎవరు పెడతారు, దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరిపోతే ఎక్కడ ఉంచుతారు, ఇవన్నీ కాగితం మీద రాయాలి. ఆ రాసే పని నాది.

మొదట్లో ఇదంతా దండగ అనుకున్నాను. రోడ్డు మీద చచ్చిపోయేదానికి ఏ ఇల్లయితేనేం? కానీ ఒకాయన పాత సామాన్ల షెడ్డు చూపించి, "ఇక్కడే కట్టేస్తాం, రాత్రి అరిస్తే చాలు" అన్నాడు. పైన రేకులు, మే నెల ఎండ. నీళ్ళ గిన్నె పెట్టే ఆలోచన కూడా లేదు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తిండీ నీళ్ళూ పెట్టకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మన కళాక్షేత్ర రుక్మిణీదేవి రాజ్యసభలో పట్టుబట్టి అడగబట్టే ఆ చట్టం వచ్చింది. అయితే చట్టం హింస జరిగాక వస్తుంది. ఇల్లు చూడటం ముందే జరుగుతుంది. అందుకే చూడాలి.

నేను తప్పు చేసింది వ్యాసార్పాడిలో. పూలు కట్టి అమ్మే ఒక అవ్వ, కూతురు, మనవడు ఒకే గదిలో ఉంటారు. "చోటు లేదు" అని రాశాను. అవ్వ అది చూసి, "మీ ఇంట్లో ఎంతమంది పాపా?" అంది.

"అయిదుగురం."

"ఎన్ని గదులు?"

"రెండు."

ఆమె ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ముఖం మాడిపోయింది.

ఆ పిల్లను అడయారులో మూడు పడకగదుల ఫ్లాటుకు ఇచ్చాం. మూడు వారాలకే తిరిగొచ్చింది. ఇద్దరూ ఆఫీసుకు వెళ్తారు, అది రోజంతా ఒంటరిగా ఏడుస్తుంది, పక్కవాళ్ళు గొడవ పెట్టారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, తెచ్చి ఇచ్చినప్పుడు ఆ అక్క కూడా ఏడ్చింది. పగలు ఎవరుంటారు అన్నచోట "పనిమనిషి, రెండు గంటలు" అని రాసిందీ నేనే, పక్కన టిక్కు కొట్టిందీ నేనే. అవ్వ అయితే రోజంతా గుమ్మంలోనే కూర్చుంటుంది. అది నా కంటికి కనబడింది, కాగితం మీదికి రాలేదు.

అలాగని లేనివాళ్ళకే ఇవ్వాలని నేను అనను. పిల్లకు జబ్బు చేస్తే డబ్బు కావాలి. ఓనరు కాదంటే అవ్వే వీధిన పడుతుంది. పిన్ని ఆయనతో రెండుసార్లు మాట్లాడింది, ఇంకా ఏ మాటా చెప్పలేదు.

అంతదాకా పిల్ల మా రెండు గదుల్లోనే ఉంది. మా ఇల్లు చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు.