మాటయే గీటురాయి



బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణపట్టణమందు బిజ్జలుని భండారమును నిర్వహించిన మహనీయుడు. ధనము చేతిలో నుండియు దాని కంటక మెలగినవాడు. ఆయన బోధించిన కాయకము కేవలము కష్టపడుట కాదు; పరులను వంచింపక కష్టపడుట. కష్టపడి దొంగతనము చేయువారును గలరు గదా!

జవహర్‌నగర్‌లో ఒక గృహిణి ఆన్‌లైన్ అంగడిలో నగలమ్మ దలచినదనుకొందము. అద్దె లేదు, గుమాస్తా లేడు. చేతి ఫోనే దుకాణము. ఇదియు కాయకమే. అయితే బజారులో కొనువారు నగను చేత పట్టి చూతురు, తూయింతురు, అనుమానమున్నచో గీటురాయిపై గీయింతురు. ఇక్కడ వారికి దక్కునది ఒక ఫోటోయు, నాలుగు మాటలును. ఆ మాటలే త్రాసు, అవియే గీటురాయి.

‘వన్ గ్రామ్ గోల్డ్’ అను పేరునే చూడుడు. అమాయకురాలు అందు ఒక గ్రాము బంగారమున్నదనుకొనును. నిజమునకది రాగిపైనో ఇత్తడిపైనో వేసిన పలుచని పూత. పూతనగను ధరించుట దోషము కాదు. అడుగున ఇత్తడి యని వ్రాయకుండుటయే దోషము. ‘హైదరాబాదు ముత్యములు’ అను మాటయు అట్టిదే. ఈ నగరమునకు సముద్రము లేదు. ఇక్కడ జరుగునది బెజ్జము వేయుట, గ్రుచ్చుట, అమ్ముట. పెంపకపు ముత్యమైనచో ఆ మాటనే వ్రాయవలెను.

మేలిమి నగలకు హాల్‌మార్కు గలదు. 916 అనిన వేయింట 916 పాళ్లు బంగారము. తప్పనిసరి చేసిన జిల్లాలలో 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు స్థానముల హెచ్.యు.ఐ.డి. గుర్తు కూడ నుండవలెను. కాని 2 గ్రాములలోపు నగలకును, కుందన్, పోల్కీ, జడావు పనులకును ఈ నియమము వర్తింపదు. కుందన్ హారములో లక్క యుండును, రాళ్లుండును. 40 గ్రాములని వ్రాసి, అందు బంగారమెంతో చెప్పకున్నచో లక్కను బంగారపు ధరకు అమ్మినట్లే. చట్టము ముద్ర వేయని చోట అమ్మువారి మాటయే ముద్ర.

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరుకొనుటయే కాయకముగా గల శరణుడు. ఒకనాడు అలవాటుకు మించి తెచ్చెను. దొంగిలించినది కాదు, నేలపై దొరికినదే. అయినను అర్ధాంగి లక్కమ్మ దానిని వండ నంగీకరింపక, తీసికొనిపోయి తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. ఒక్క మాట దాచి గడించిన నూరు రూపాయలను దాసోహమునకు తెచ్చినచో ఆ తల్లి పొయ్యి వెలిగించునా?

నిజము వ్రాసిన సరకు కదలదని కొందరందురు. కొంత నిజమే. ‘ఇత్తడిపై పూత, రెండుసార్లు ధరించినది, ఒక రాయి ఊడగా మరల అతికించినది’ అని చదివి కొందరు సాగిపోదురు. ఆ నష్టము నష్టమే, దానిని లాభమని చెప్పుకొన బనిలేదు.

అయితే పసుపు దీపపు వెలుగులో తీసిన ఫోటోను నమ్మి బంగారమని కొన్న స్త్రీ, కొన్నేండ్లకు బిడ్డకు జబ్బు చేసిన రాత్రి ఆ నగను కొంగున ముడివైచుకొని కుదువపెట్ట బోవును. వర్తకుడు గీటురాయిపై ఒక్క గీత గీచి, మాటలాడక ఆమె చేతికే తిరిగి ఇచ్చును. అమ్మినవారు ఆమె ముఖమునైనను ఎన్నడును చూచియుండలేదు.